వదిన నడుముకు దొరసాని కట్టు

కాలువ బంగళాలో పాత సామాను వేలం వేస్తున్నారంటే మా నాయన బీరువా కోసం వెళ్ళాడు. బీరువా ఎవరో ముందే ఎత్తుకుపోయారు. ఆయన బండిలో వేసుకొచ్చింది ఒక చెక్కపెట్టె.

సముద్రం వెంట సాగే ఉప్పుకాలువ ఒడ్డున ఉండేది ఆ బంగళా. తెల్లదొరలు పడవల మీద తనిఖీకి వచ్చినప్పుడు దిగడానికి కట్టుకున్నారు. వాళ్ళు పోయాక చాలా ఏళ్ళు అందులో ఒక కావలివాడూ గబ్బిలాలూ కాపురం చేశారు. మా ఊరు చిట్టమూరుకు ఇవతల. పొద్దున ఎడ్లు కడితే ఎండ ముదిరేసరికి బంగళా చేరతాం. యాభైలు ముగిసిపోతున్న రోజులవి. నేను చదువు ఆపేసి, కుట్టుపని నేర్చుకుని, మా ఇంటికీ ఇరుగుపొరుగుకూ జాకెట్లు కుట్టి పెడుతుండేదాన్ని.

పెట్టె మూత ఎత్తగానే కర్పూరమూ ఎలుకపెంటా కలిసిన వాసన కొట్టింది. అడుగున, గోధుమరంగు కాగితంలో చుట్టి రెండు గుడ్డలున్నాయి. మొదటిది చూడగానే తెలిసిపోయింది, అది జాకెట్టు. పట్టుది. ఒకప్పుడు ఊదారంగై ఉండాలి, ఇప్పుడు ఎండిన అల్లనేరేడు మరకలా ఉంది. మెడ చెవుల దాకా లేచి ఉంది. చేతులు భుజాల దగ్గర బుడగల్లా ఉబ్బి, మోచేతి నుంచి మణికట్టు దాకా అతుక్కుపోయినట్టు సన్నబడ్డాయి.

రెండోది ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు. చేతుల్లేవు, మెడ లేదు. మందపాటి గుడ్డ రెండు చెక్కలుగా ఉంది. ఒక అంచున తుప్పుపట్టిన ఇనప బద్దలు, వాటికి గుండీలు. ఇంకో అంచున వరసగా కన్నాలు, వాటి గుండా పొడుగాటి తాడు. గుడ్డ పొరల మధ్య సన్నటి బద్దలేవో నిలువునా దూర్చి కుట్టారు. వంచితే వంగి, వదిలితే మళ్ళీ నిటారుగా లేస్తున్నాయి.

"గుర్రం పొట్టకు కట్టేది. జీను జారకుండా," అన్నాడు నాయన.

"కాదు నాయనా, వేటకుక్కకు తొడిగేది. పందికోర తగలకుండా," అన్నాడు మా అన్న.

"ఏదైతే మనకెందుకబ్బా, పెరట్లో పారెయ్యండి," అంది అమ్మ.

మా అవ్వకు అప్పటికే చూపు సరిగా ఆనేది కాదు. దాన్ని ఒళ్ళోకి తీసుకుని పైనుంచి కిందికి తడిమింది. మళ్ళీ తడిమింది. "ఆడమనిషిదిరా ఇది," అంది. "ఇక్కడ రొమ్ము, ఇక్కడ పిర్ర. మధ్యలో నడుమే లేదు పాపం."

నాయన ఎడ్లకు కుడితి పెట్టాలంటూ గబగబా వెళ్ళిపోయాడు. అన్న ఆయన వెనకే నడిచాడు. నేనూ వదినా పొట్ట పట్టుకుని నవ్వాం.

వదిన మనుబోలు నుంచి వచ్చిన పిల్ల. నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దది. వచ్చిన నెలలోనే నా జడ తను వేయడం, తన జాకెట్లు నేను కుట్టడం మొదలయ్యాయి. ఆ మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక ఇద్దరం గదిలోకి చేరి తలుపు వేసుకున్నాం. నా ఓణీ తీసి, జాకెట్టు మీదనే ఆ బద్దల గుడ్డ తొడిగి, వదిన వీపు వెనక తాడు లాగింది. ఇంకా దగ్గరికి రాదే అని, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. నా ఊపిరి గొంతులోకి వచ్చి ఆగిపోయింది. భుజాలు వాటంతటవే పైకి లేచాయి. అంత సన్నటి పిల్లను నేను, నాకే ఆ రెండు చెక్కలూ జానెడు ఎడంగా నిలిచిపోయాయి.

"ఇప్పుడు నువ్వు దొరసానివి," అంది వదిన. "పొయ్యి కాడికి పొయ్యి కూడుకుండ దించు, చూద్దాం."

వెళ్ళాను. వంగలేకపోయాను. కొయ్యలా మోకాళ్ళ మీద దిగి, కుండ అందక, అక్కడే కూలబడి లేవలేకపోయాను. పీట మీద కూర్చుని కాయగూరలు తరుగుతున్న అవ్వకు మా నవ్వులు వినబడ్డాయి.

"ఆమె కూడు దించదమ్మే," అంది. "దించేదానికి నలుగురు ఉంటారు. అది నలుగురికీ తెలిసేదానికే ఈ గుడ్డ."

వదిన నోరు ఊరుకోదు. "అయితే అవ్వా, నువ్వు రవికె తొడగవు గదా, అది ఎవురికి ఏం తెలిసేదానికి?"

మా అవ్వ జీవితంలో కుట్టిన గుడ్డ వేసుకోలేదు. పైట భుజం మీంచి తిప్పి, వీపంతా కప్పుకుని నడుంలో దోపేది. నేను పుట్టినప్పటి నుంచి అలాగే చూశాను కాబట్టి ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అవ్వ కత్తిపీట పక్కకు జరిపి చెప్పింది.

"చేతులుండే జాకెట్టు వేసుకొని మా ఊరికి మొదట వచ్చింది తాసీల్దారు పెండ్లాం. నేనప్పుడు కొత్తగా కాపరానికి వచ్చుండాను. అందరం బండి చుట్టూ మూగినాం. ఆమె మొగం ఎట్టుండిందో ఎవురికీ గుర్తు లేదు. చేతులే చూసినాం. ఇట్ట ఉబ్బుకోని ఉండినాయి, ఇదిగో ఇట్టనే." అవ్వ వదిన తెచ్చిన దొరసాని జాకెట్టు చెయ్యి పట్టుకుని చూపించింది. "మా అత్త అనింది, కత్తెర పడిన గుడ్డతో నా వంటింట్లోకి రాబాక అని. నేను వెయ్యనే లేదు. మీరు ఇప్పుడు జాకెట్టు లేకపోతే సిగ్గంటారు. మాకు అది వేసుకుంటే సిగ్గు."

ఆ సాయంత్రం నేను కొత్తగా కుట్టుకున్న నా బుట్టచేతుల జాకెట్టు తెచ్చి దొరసానిదాని పక్కన పరిచాను. అది పట్నంలో వచ్చిన సరికొత్త మోస్తరని నేర్చుకుని మురిసిపోయిన జాకెట్టు. భుజం దగ్గర కుచ్చులు రెండింటికీ ఒకటే తీరు. చంక కింద కత్తిరింపు ఒకటే వంపు. రొమ్ము కింద మడత ఒకటే. దొరసాని నుంచి తాసీల్దారు భార్యకు, ఆమె నుంచి ఎవరెవరికో, చివరికి నాకు. ఇంతకాలం మనదనుకున్నది ఎన్ని ఒళ్ళు దాటి వచ్చిందో అని చాలాసేపు వాటి ముందు కూర్చున్నాను. తర్వాత రెండు గుడ్డలూ మడిచి పెట్టెలో పడేశాం. పైన విత్తనాల మూటలు చేరాయి.

మరుసటి వేసవిలో వదిన అటక మీద నుంచి ఊరగాయ జాడీ దించబోయింది. నిచ్చెన జారింది. జాడీని కాపాడుకోబోయి వెల్లకిలా పడింది. జాడీ పగలలేదు. వదిన లేవలేదు.

నూనెలు రాశారు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేశారు. వేపాకు కాపడం పెట్టారు. ఒక పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి ఉండేది కాదు. లేచి కూర్చుంటే మాత్రం నడుము రెండుగా విరిగినట్టు ఉందని ఏడ్చేది. వాన మొదలయ్యే ముందు, బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి గూడూరు, అక్కడి నుంచి రైల్లో నెల్లూరు తీసుకెళ్ళాం. అన్నకు తోడు నేనూ వెళ్ళాను.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు చాలాసేపు చూసింది. "ఎముక విరగలేదు. నడుము కండ బాగా దెబ్బ తినింది. బెల్టు కట్టుకుంటే కూర్చోవచ్చు, మెల్లగా నడవచ్చు. బెల్టు ఇక్కడ కుట్టరు, కొలతలు ఇస్తే మద్రాసు నుంచి రావాలి. రావడానికి కొంతకాలం పడుతుంది," అని, పక్క మంచం మీది పెద్దావిడ బెల్టు విప్పించి మాకు చూపించింది.

దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేశాను. మందపాటి గుడ్డ. పొరల మధ్య నిలువు బద్దలు. బిగించుకోవడానికి తాడు.

"ఇట్లాంటిది మా ఇంట్లో ఉండాదండీ," అన్నాను.

"మీ ఇంట్లో ఇంకెవరికి నడుము నొప్పి?"

"ఎవరికీ లేదండీ. అది ఒక దొరసానిది."

డాక్టరమ్మ ముందు నవ్వింది. నేను పెట్టె సంగతంతా చెప్పాక నవ్వు ఆపి ఆలోచించింది. "అది నడుమును సన్నం చేసేదమ్మా. ఇది నడుమును నిలబెట్టేది. చూడ్డానికి ఒకటే, పని వేరు. పక్కటెముకల మీద ఒత్తకూడదు, పొట్టను నలపకూడదు. కింద, ఈ వెన్ను పక్కన మాత్రం గట్టిగా ఆనాలి. కుట్టడం వస్తే మద్రాసుది వచ్చేదాకా ప్రయత్నం చెయ్యి," అని వదిన వీపు మీద వేలితో గీసి చూపించింది. ఎక్కడ ఆనాలో, ఎక్కడ వదలాలో నేను అదే చోట నా వేలితో గీసి మళ్ళీ అడిగి తెలుసుకున్నాను.

ఇంటికి రాగానే విత్తనాల మూటలు దింపి రెండు గుడ్డలూ తీశాను. రెండోదాని గుడ్డ అక్కడక్కడా చివికిపోయింది. పనికొచ్చేవి లోపలి బద్దలు. అవి ఏమిటో తెలియకుండా విప్పడానికి చెయ్యి రాలేదు. మిషన్ కింద విరిగిపోతాయా? తడిస్తే ఉబ్బుతాయా? గూడూరులో నాకు కుట్టు నేర్పిన సాయిబు దగ్గరికి అన్న నన్ను తీసుకెళ్ళాడు. గూడూరులో మా పిన్ని ఇంట్లో ఉంటూ, ఆయన కూతుళ్ళతో పాటు ఆయన వరండాలో కూర్చుని నేర్చుకున్నదాన్ని.

సాయిబు అద్దాలు పెట్టుకుని ముందు జాకెట్టు తిరగేశాడు. నడుము దగ్గర లోపల ఒక పట్టీ ఉంది. దాని మీద బంగారురంగు అక్షరాలు చాలావరకు రాలిపోయాయి. మద్రాసు అన్న మాట ఒక్కటే మిగిలింది.

"చూస్తివా! ఇంగిలీషు సీమది కాదమ్మాయ్ ఇది. మద్రాసులో కుట్టినారు," అన్నాడు. "దొరసానుల గుడ్డలు అక్కడ మావాళ్ళే కుట్టేవాళ్ళు. మా అబ్బ చెప్పేవాడు. దొరసానిని ముట్టుకొని కొలత తీసేదానికి లేదు. పాతది ఒకటి మొగాన పారేస్తారు, దాన్ని చూసి కొత్తది కుట్టాల. బంగళా వరండాలో కూర్చోని కుట్టి, అక్కడే ఇచ్చి రావాల."

చేతికుట్లను బొటనవేలితో నిమిరాడు. ఆయన చెప్పింది నిజమో, అది తమవాళ్ళ పనే అయ్యుండాలని ఆయన కోరుకున్నాడో నాకు తెలియదు. నేను మాత్రం మనిషిని ముట్టకుండా అంత వంపుగా ఎలా కుట్టగలిగారా అని ఆ చంకకుట్టునే చూస్తూ ఉండిపోయాను.

రెండోదాన్ని చూసి, "ఇది మాత్రం సీమనుంచి వచ్చిందే," అన్నాడు. ఒక కుట్టు విప్పి బద్దను బయటికి లాగాడు. నల్లగా, గేదె కొమ్ములా నిగనిగలాడింది. "ఇనుము కాదు, కొమ్మూ కాదు. తిమింగలం ఉంటదే సముద్రంలో, దాని నోట్లోది."

నేను నమ్మలేదు. అన్న అసలే నమ్మలేదు. సాయిబు కొస కొంచెం కత్తిరించి ఇస్త్రీపెట్టెలో నిప్పు మీద వేశాడు. వెంట్రుక కాలినప్పటి కమురు కంపు వరండా అంతా నిండింది. అందరం ముక్కులు మూసుకున్నాం. "కొయ్య అయితే ఈ వాసన వస్తదా?" అన్నాడాయన.

మా ఇంటికి తూపిలిపాళెం వైపు నుంచి చేపలు తెచ్చే ఆమెకు ఆ బద్ద చూపించి అడిగాను. ఆమె దాన్ని గోటితో గీరి చూసింది. "నా చిన్నప్పుడు ఒకటి ఒడ్డుకు కొట్టుకోని వచ్చింది. పడవకన్నా పెద్దది. దాని నోట్లో పండ్లు లేవు. ఈతచాప అంచు పీకినట్టు నల్లగా వేలాడతా ఉండినాయి. ఇదేనో కాదో చెప్పలేనమ్మా, కానీ అట్టనే ఉండాది," అంది.

ఆ రాత్రి నాకు చాలా వింతగా అనిపించింది. ఏ చలిసముద్రంలోనో తిరిగిన జంతువు నోటిలోది, ఎవరో కోసి, చీల్చి, ఒక ఆడమనిషి నడుము చుట్టూ పెట్టి కుట్టారు. ఆమె దాన్ని బిగించుకుని ఓడెక్కి, మద్రాసులో దిగి, పడవలో మా కాలువ ఒడ్డుకు వచ్చింది. ఇప్పుడు అది మా వదిన మంచం పక్కన ఉంది.

మొదటి కట్టు చెడగొట్టాను. గట్టిగా ఉండాలని అన్న చేత పడవవాళ్ళ తెరచాప గుడ్డ తెప్పించి కుట్టాను. వదిన చర్మం ఒరుసుకుపోయింది. పైగా బద్దలు పొడవు ఎక్కువై పక్కటెముకల కింద గుచ్చుకున్నాయి. "నీ అన్న మీద కోపం నా మీద చూపిస్తుండావా?" అని వదిన ఏడుస్తూనే నవ్వింది. అంతా విప్పేశాను. నాయన పాత పంచెలు మడతలు వేసి, పైన కోరా గుడ్డ పెట్టి, బద్దలు కత్తిరించి మళ్ళీ కుట్టాను. బద్దలకు ఉడుకు తగిలితే మెత్తబడతాయని సాయిబు చెప్పాడు. అమ్మ వడ్లు ఉడకబెట్టే గంగాళం మూత కింద వాటిని ఆవిరిలో ఉంచి, వేడిమీదే తీసి, బిందె మెడ వంపుకు ఆనించి కట్టి ఆరనిచ్చాను. విప్పితే వంపు అలాగే నిలిచింది. నడుము లోపలికి వంగే చోట అవీ వంగాయి.

అప్పటికీ ఇనప గుండీలు ముందు, తాడు వెనక ఉన్నాయి. దొరసానిదానికి ఉన్నట్టే పెట్టాను, అది తప్పని నాకు తోచనే లేదు. వదిన బోర్లా పడుకుని అడిగింది:

"రోజూ ఎవురు కడతారు దీన్ని?"

"నేను కడతాను."

"నువ్వు పెండ్లి చేసుకొని పొయ్యినాక?"

"అన్న కడతాడు."

"మీ అన్న పంచె మీ అన్నకే సరిగ్గా కట్టుకోను రాదు." తల నా వైపు తిప్పి అంది. "నా గుడ్డ నేనే కట్టుకోవాలమ్మే. ఒకరొచ్చి కట్టేదాకా మంచం మీద పడి ఉండాలంటే ఇది ఉండి ఏం, లేకపోయి ఏం?"

ఆ మాటతో నాకు దొరసాని సంగతి ఇంకొంచెం అర్థమైంది. ఆమె తన గుడ్డ తాను తొడుక్కోలేదు, విప్పుకోలేదు. పొద్దున ఒక ఆయా లాగాలి, రాత్రి ఒక ఆయా వదులు చెయ్యాలి. ఇనప గుండీల అంచు పూర్తిగా తీసేశాను. వెనక రెండు చెక్కలూ కలిపి కుట్టి, కన్నాలూ తాడూ ముందుకు తెచ్చాను. కాజాకుట్టు వేసి వేసి నా వేళ్ళు వాచాయి.

వదిన తనంతట తాను బిగించుకుని, గోడ పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది. వసారా దాటి, పెరటి గడప దాటి, బావి దాకా వెళ్ళి వచ్చింది. ముఖం చెమటతో తడిసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అవ్వ దగ్గరికి రమ్మని పిలిచి చీర మీంచి తడిమింది. "ఊపిరి ఆడుతుండాదా?" అని అడిగింది. "ఆడుతుండాది అవ్వా," అంది వదిన.

మా వీధిలో అది దొరసాని కట్టు అయిపోయింది. ఏదో ఒక వంకతో ఆడవాళ్ళు వచ్చి, మగవాళ్ళు లేనప్పుడు పైట పక్కకు తీసి చూపించమనేవారు. వదిన మొదట సిగ్గుపడింది, తర్వాత వాళ్ళు అడక్కముందే తనే చూపించేది. తిమింగలం సంగతి కూడా నాకంటే బాగా తనే చెప్పేది. వినేవాళ్ళు ఒకసారి ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కునేవారు.

సుఖమంటే సుఖం కాదు. ఎండలు ముదిరేసరికి ఒంటి నిండా చెమటకాయలు. మధ్యాహ్నం విప్పేసి గంధం రాసుకుని పడుకునేది. ఒకరోజు అలా పడుకుని, "ఆమె ఈ ఎండలో ఇది కట్టుకొని, పైన ఆ పట్టుజాకెట్టు వేసుకొని, కాలవ గట్టున కూర్చోని ఏం చూస్తుండేదో?" అంది.

"పడవలు చూస్తుండేదేమో."

"ఊరికి పొయ్యే పడవ ఎప్పుడొస్తదా అని చూస్తుండేది," అంది వదిన. ఆమె గురించి మేం అనుకున్నవన్నీ మా ఊహలే. ఆమె సన్నటిదని తప్ప మాకు ఏమీ తెలియదు.

మద్రాసు బెల్టు గురించి మళ్ళీ అడగాల్సిన అవసరం రాలేదు. రెండో ఏడు వదినకు నెల తప్పింది. నెల్లూరు వెళ్తే డాక్టరమ్మ కట్టు మానేయమంది. దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇంకెవరికైనా కుట్టి పెడతావా అని నన్ను అడిగింది. బద్దలు లేవండీ అన్నాను. వదిన కట్టు లేకుండానే నడిచింది. అవ్వకు మాత్రం ఒకటే సందేహం: "దొరసాని కడుపుతో ఉన్నప్పుడన్నా విప్పినారా లేదా?" ఆడపిల్ల పుట్టింది. వదిన నీళ్ళబిందె మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆ పని అన్న చేశాడు. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు, ఆయన పట్టించుకోలేదు.

నాకు పెళ్ళి కుదిరి వెంకటాచలంలో అత్తారింటికి వెళ్ళబోయే ముందు, ఉప్పుకొఠారులో మూటలు మోసే ఒక ఆమె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నాలుగు పదులు దాటిన మనిషి. నడుము ఒక పక్కకు ఒంగిపోయింది. వసారా కింద గంప దించి నిలబడి అడిగింది. "అమ్మా, మీ కాడ నడుం నిలబెట్టే కట్టు ఉండాదంట గదా. నాకు సరిపోతదా?"

వదిన నా వైపు చూడను కూడా లేదు. లోపలికి వెళ్ళి తెచ్చింది. ఆమెది పెద్ద ఒళ్ళు, కట్టు చాలలేదు. ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పక్కకుట్లు రెండూ విప్పాను. అటొక పట్టీ, ఇటొక పట్టీ కలిపి కుట్టాను. కొలత కోసం ఆమె నడుము చుట్టూ చేతులు వేస్తే, ఉప్పునీళ్ళకు చర్మం చెక్కలా గట్టిపడి ఉంది. ఎక్కడ ఆనాలో వేలితో గీసి చూపిస్తే, "అక్కడే, అక్కడే నొప్పి," అంది.

వదిన పక్కన నిలబడి తాడు ఎలా వేసుకోవాలో నేర్పింది. "కింద నుంచి మొదలుపెట్టు అక్కా. పైన బిగించబాక, ఊపిరి ఆడదు." ఆమె తనే కట్టుకుంది. రెండుసార్లు తప్పు కన్నంలో దూర్చి, విప్పి, మళ్ళీ వేసుకుంది. చీర సర్దుకుంది. గట్టిగా ఒక ఊపిరి తీసుకుని వదిలింది. మోకాళ్ళు వంచి తన గంప తనే ఎత్తుకుని, వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళింది.